ఏ సీసీ అండీ?

ఏ జిల్లా పేజీ అయినా తీసి చూడండి. పైన సీసీ రోడ్డుకు ఎమ్మెల్యే శంకుస్థాపన. దాని కింద సీసీ ఫుటేజీలో దొరికిపోయిన గొలుసు దొంగ. పక్క కాలమ్‌లో జీతాల బకాయిల కోసం ఐకేపీ సీసీల ధర్నా. ఇంకో మూల మావోయిస్టు పార్టీ సీసీ సభ్యుడి లొంగుబాటు. అడుగున పండగ ఆఫరుతో 125 సీసీ బండి ప్రకటన. మొదటిది సిమెంట్ కాంక్రీట్, తర్వాత క్లోజ్డ్ సర్క్యూట్, కమ్యూనిటీ కోఆర్డినేటర్, సెంట్రల్ కమిటీ, చివరిది క్యూబిక్ సెంటీమీటర్. అయిదింటి మధ్య ఏ చుట్టరికమూ లేదు. అయినా టీ తాగుతూ పేపరు తిరగేసేవాడు ఎక్కడా తట్టుకోడు.

ఇలాంటి ఇంగ్లీషు పొట్టి మాటలు తెలుగుని పాడుచేస్తున్నాయని వాపోయేవాళ్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు. నాకా దిగులు లేదు. జనం నోట ఈ మాట ఎంత చక్కగా నలిగిందో వాళ్లు గమనించినట్టు లేరు. సీసీ పోశారు అంటే రోడ్డు. సీసీ పెట్టించారు అంటే కెమెరా. సీసీ కట్టాలి అంటే బ్యాంకు అప్పు. సీసీ నడుస్తోంది అంటే కోర్టు కేసు. సీసీ తీయించావా అని అడిగితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకునే దస్తావేజు సర్టిఫైడ్ కాపీ. మేనేజరును సీసీలో పెట్టాడంటే ఈమెయిలు, దాని వెనకాల ఆఫీసు రాజకీయం. సీసీ గారు అన్నామా, ఇక అది మనిషే. అర్థమంతా క్రియ మోస్తోంది, లేదంటే పక్కనున్న చిన్న ‘గారు’ మోస్తోంది. డ్వాక్రా మీటింగులో ఎవరైనా ‘సీసీ వచ్చిందా?’ అంటే మాత్రం కొంచెం చిక్కే. కోఆర్డినేటరమ్మ వచ్చిందా అని అడుగుతున్నారో, బ్యాంకులో క్యాష్ క్రెడిట్ శాంక్షనైందా అని అడుగుతున్నారో మొహం చూసి పోల్చుకోవాలి. అక్కడా ఎవరో ఒకరు ‘ఏ సీసీ అండీ?’ అంటారు, సంగతి తేలిపోతుంది.

కాబట్టి ఒక మాటకు పది అర్థాలున్నాయని నాకు ఫిర్యాదు లేదు. క్రియ లేనిచోట, తిరిగి అడగడానికి మనిషి లేనిచోట, ఆ మాటను ఒంటరిగా అచ్చేసి జనం చేతిలో పెట్టడం మీదే నా ఫిర్యాదంతా. సమన్లు, ఫారాలు, రసీదులు, మందుల చీటీలు. వీటిలో వాక్యాలుండవు, గళ్లుంటాయి. ‘సీసీ నెం.’ అని ఒక గడి, దాని ఎదురుగా ఒక అంకె, అంతే.

ఇబ్బంది పెట్టని సీసీల సంగతి ముందు త్వరగా ముగించేస్తాను. బండి సీసీ అన్నిటికన్నా నిజాయితీ గలది, ఎందుకంటే దాని ముందు ఎప్పుడూ ఒక అంకె నిలబడి ఉంటుంది. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100ను అందరూ 100 సీసీ బండి అనేవారు, ఇంజిను అసలు కొలత 97.2. ఆ కాస్త తేడా ఎవరికీ పట్టలేదు. పట్టే చోట్లు వేరే ఉన్నాయి. 16 ఏళ్లు నిండిన పిల్లలు 50 సీసీ దాటని బండి నడపొచ్చని మోటారు వాహనాల చట్టం చెబుతుంది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు 75, 150, 350 సీసీల దగ్గర మెట్లు మెట్లుగా పెరుగుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు జీఎస్టీ 18 శాతం, దాటితే 40 శాతం. బుల్లెట్టు కొనాలనుకున్న కుర్రాళ్లందరికీ ఆ వారంలో క్యూబిక్ సెంటీమీటరు మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొచ్చింది.

కెమెరా సీసీ మాత్రం ఎప్పుడో అబద్ధమైపోయింది. టీవీ సిగ్నల్ గాల్లోకి పోకుండా, తీగ వెంబడి ఒక గదిలోని తెరకే చేరేది కాబట్టి అది క్లోజ్డ్ సర్క్యూట్. ఇప్పుడు కిరాణా కొట్టు కెమెరా బొమ్మ ఇంటర్నెట్‌లో ఎక్కడెక్కడో తిరిగి యజమాని ఫోనుకొస్తుంది, ఆయన తిరుపతి కొండ మీద క్యూలో నిలబడి కొట్లో కుర్రాడు కునికిపాట్లు పడుతున్నాడో లేదో చూసుకుంటాడు. సర్క్యూట్ మూసి ఉన్నదెక్కడ? పేరు అలా ఉండిపోయింది, ఉంటే నష్టమూ లేదు. యూట్యూబ్ మూల కనిపించే సీసీలోనూ (క్లోజ్డ్ క్యాప్షన్స్) క్లోజ్డ్ ఉంది, అర్థం ఇంకొకటి: మనం నొక్కితేనే తెరుచుకునే అక్షరాలు. ఈమెయిలు సీసీ అంటే కార్బన్ కాపీ, అదీ కార్బన్ పేపరు మిగిల్చిపోయిన గుర్తే. 1977లో, ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్ కోసం ఈమెయిలు తీరుతెన్నులు రాసిన పత్రంలోనే అది చేరిపోయింది. వేలికి నీలం రంగంటని తరం దాన్ని హాయిగా వాడుకుంటోంది. వికీపీడియా పేజీ అడుగున ఉండే సీసీ క్రియేటివ్ కామన్స్ లైసెన్సు, దాని జోలికి నేను పోను.

నేను బ్యాంకులో పనిచేస్తాను. మాకు సీసీ అంటే క్యాష్ క్రెడిట్, ఇంకే అర్థమూ తోచదు. రైస్ మిల్లులు, ఎరువుల కొట్లు, హోల్‌సేల్ కిరాణా, ఇవన్నీ దాని మీదే బతుకుతాయి. గోడౌన్లో సరుకెంతుందో నెల నెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి, అందులోంచి మార్జిను తీసేస్తే మిగిలింది డ్రాయింగ్ పవర్, ఆ మేరకే వాడుకోవాలి, ఏడాదికోసారి రెన్యువల్. ఈ రెన్యువల్ అప్పుడే మా ప్యానెల్ లాయరు గారు ‘ఈసీ, సీసీ పట్రండి’ అంటారు. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్టూ దస్తావేజు సర్టిఫైడ్ కాపీ కావాలని ఆయన భావం. ‘సీసీ మీ దగ్గరే ఉంది కదండీ, దాని గురించేగా వచ్చింది’ అని పార్టీ అంటాడు. దీనికి నవ్వుకుంటాం, అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

నవ్వుకోలేనిది ఇంకొకటి ఉంది. మా దగ్గర సీసీ అకౌంటున్న ఒక ఎరువుల వ్యాపారి ఆయన. కొడుకు చేతికొచ్చాక అప్పంతా కట్టేసి ఖాతా మూసేశాడు, నో డ్యూస్ సర్టిఫికెట్ కూడా పట్టుకెళ్లాడు. ఒకరోజు బ్యాంకు తలుపులు తీయకముందే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కోర్టు సమన్లు, నో డ్యూస్ కాగితం, పాత పాస్‌బుక్కు. ‘సీసీ మొత్తం కట్టేశాను కదండీ. రూపాయి బాకీ లేదని మీరే రాసిచ్చారు. మళ్లీ సీసీ మీద కేసేంటి సార్?’ రాత్రంతా నిద్రపోలేదని కళ్లే చెబుతున్నాయి. సమన్లు తీసి చూశాను. పైన సీసీ నెం., దాని పక్కన అంకె, ఏటవాలు గీత, ఏడాది. కింద ఆయన పేరు, ఎదురుగా ‘ఎల్‌డబ్ల్యూ’ అని ఇంకో పొట్టి మాట. లిస్టెడ్ విట్‌నెస్ అన్నమాట, సాక్షి. ఆయన కొట్టు ముందు ఎప్పుడో జరిగిన లారీ ప్రమాదం కేసు. కొట్టు కెమెరాలో అది రికార్డయితే పోలీసులొచ్చి ఫుటేజీ తీసుకున్నారు. అలా ఇచ్చినవాళ్లు ఆ రికార్డింగు తమ పరికరంలోదేనని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాలి, ఈయనా పెట్టాడు, మర్చిపోయాడు. సీసీ కెమెరా పుణ్యాన సీసీ కేసులో సాక్షయి, సీసీ లోను ఎగ్గొట్టానన్న భయంతో మా మెట్ల మీద తెల్లవార్లూ కూర్చున్నంత పనిచేశాడు. కథల్లో రాస్తే అతికించినట్టుందంటారు.

ఆ కాగితం మీద సీసీ అంటే క్యాలెండర్ కేస్. తీర్పు ముందు నేరం ఎప్పుడు జరిగింది, ఫిర్యాదు ఎప్పుడొచ్చింది, అరెస్టెప్పుడు, బెయిలెప్పుడు, విచారణ ఎప్పుడు మొదలైంది అంటూ తేదీల పట్టిక ఒకటి వేసే పద్ధతి మన మేజిస్ట్రేటు కోర్టుల్లో ఉంది, ఆ పట్టికనే క్యాలెండర్ అంటారు. పోలీస్ స్టేషన్లో ఎఫ్ఐఆర్ కట్టినప్పుడు పడేది క్రైమ్ నంబరు. చార్జిషీటు వేశాక మేజిస్ట్రేటు దాన్ని ఫైలు మీదికి తీసుకుంటేనే సీసీ నంబరు పడుతుంది. రెండూ వేర్వేరు. క్రైమ్ నంబరు పట్టుకుని కోర్టు వరండాలో గుమాస్తా వెనకాల తిరిగేవాళ్లు ఏ ఊరి కోర్టులోనైనా ఉంటారు. హత్యలాంటి పెద్ద కేసయితే మొదట మేజిస్ట్రేటు దగ్గర పడేది పీఆర్‌సీ నంబరు, సెషన్స్ కోర్టుకు వెళ్లాక ఎస్‌సీ, అంటే సెషన్స్ కేస్ నంబరు. ఎస్‌సీ అంటే ఇంకేం గుర్తొస్తాయో నేను చెప్పక్కర్లేదు.

ఇదే సీసీ మెట్లెక్కి హైకోర్టుకు పోతే కంటెంప్ట్ కేస్. కోర్టు ఆర్డరును ఖాతరు చేయని అధికారి మీద వేసేది. పక్క వీధిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతే కన్జ్యూమర్ కంప్లయింట్. చెడిపోయిన ఫ్రిజ్ గురించి వేసుకున్నదీ సీసీయే, కలెక్టరును బోనెక్కించగలదీ సీసీయే, లారీ గుద్దినదీ సీసీయే. వీటిలో ఏ తీర్పు నకలు కావాలన్నా మళ్లీ కావలసింది సీసీ, సర్టిఫైడ్ కాపీ. దాన్ని జనం ‘సీసీ కాపీ’ అంటారు. కాపీ కాపీ అన్నట్టే గదా అని లాయర్లు నవ్వుతుంటారు, కానీ నా ఓటు జనానికే. గడి చేయని పని వాళ్లు నోటితో చేసుకుంటున్నారు, ఏ సీసీయో తెలిసేలా.

వకీళ్లకు, గుమాస్తాలకు ఇది గందరగోళమే కాదు. వాళ్లు ఏ కోర్టులో నిలబడ్డారో వాళ్లకు తెలుసు. ఇబ్బందల్లా ఆ కాగితం కోర్టు గుమ్మం దాటి, కోర్టు మొహం చూడని ఇంటికి చేరినప్పుడు. అది రాసినవాడికి ఒకటే సీసీ. అందుకున్నవాడికి తను ఎరిగిన సీసీ. ఎరువుల వ్యాపారి తప్పు చదవలేదు, తన జీవితంలో ఉన్న సీసీని చదివాడు.

ఆసుపత్రిలో ఇది భయంతో పోదు. ఒక సీసీ అంటే ఒక మిల్లీలీటరు, ఇందులో తిరకాసేమీ లేదు. అయినా మందుల పొరపాట్ల మీద పనిచేసే ఐఎస్ఎంపీ అనే అమెరికా సంస్థ, చీటీల మీద సీసీ అని రాయొద్దు, ఎంఎల్ అని రాయండి అంటుంది. కారణం చేతిరాత. ఇంగ్లీషు చిన్నక్షరాల్లో రెండు సీలు కలిపి గబగబా గీకితే యూ అక్షరంలా కనిపిస్తాయి, యూ అంటే యూనిట్లు. మన ఇళ్లలో యూనిట్లంటే ఇన్సులిన్. ఇక్కడ మందుల కొట్లో దొరికే ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, వాటి సిరంజికి ఎర్ర మూత. పెన్నులో వేసుకునే కాట్రిడ్జిలు 100 యూనిట్లవి, ఆ లెక్కన గీతలున్న సిరంజికి నారింజ మూత. ఇప్పుడు ఎవరైనా ఫోనులో ‘అర సీసీ ఇవ్వండి’ అన్నారనుకోండి. 40 రకంలో అది 20 యూనిట్లు. 100 రకంలో 50. రెండో దానితో ముసలామె చెమటలు పట్టి పడిపోతుంది. అమెరికాలో వాడేది దాదాపు అంతా 100 రకమే కాబట్టి, అక్కడి నుంచి వచ్చిన అబ్బాయి అమ్మ కోసం ప్రేమగా నారింజ మూత సిరంజిలు ఓ డబ్బా తెచ్చాడనుకోండి, ఇక్కడి 40 రకం సీసాలోంచి ఆమె రోజూలాగే 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లు. షుగరు ఎందుకు దిగట్లేదో నెలల తరబడి ఎవరికీ అంతుపట్టదు. దీనికంతటికీ సీసీ ఒక్కటే కారణమని అనను. కొలతను పాత్రతో చెప్పడమా, మందుతో చెప్పడమా అన్నదే అసలు సంగతి. రెండక్షరాల మాట మాత్రం ఆ తేడాను కప్పేస్తుంది.

మందుల చీటీ మీద ఉండే టీడీఎస్ సంగతీ అంతే. రోజుకు మూడుసార్లు వేసుకోమని డాక్టరు భావం. బ్యాంకులో అది వడ్డీ మీద కోసుకునే పన్ను, వాటర్ ప్లాంటు కుర్రాడికి నీళ్లలో కరిగిన లవణాలు. ఫిక్సెడ్ డిపాజిట్ వేసుకునే రిటైర్డు మాస్టార్లలో షుగరున్నవాళ్లకు మూడూ రోజూ తగులుతుంటాయి.

తెలుగు లిపిలోకి వచ్చాక మనకు ఇంకో ఆసరా కూడా పోయింది. ఇంగ్లీషులో బండికి చిన్నక్షరాలు, కెమెరాకు పెద్దక్షరాలు, ఈమెయిలుకు మొదటిది పెద్దది రెండోది చిన్నది. చూపుతోనే కొంత తెలుస్తుంది. మనకు పెద్దా చిన్నా లేవు. పాత పేపర్లలో సి.సి. అని చుక్కలుండేవి, చుక్క చూడగానే ఇది పొడి మాట అని తెలిసేది. ఇప్పుడు చుక్కలు పోయి, దీర్ఘాలు చేరి సీసీ అయింది, సీసాకు చెల్లెల్లా ఉంది. ఇది వెనక్కి తిప్పలేం, తిప్పాలని నేననను.

తెలుగు చేసేస్తే సరి అనేవాళ్లకు ఒక మాట. 1966 నాటి అధికార భాషా చట్టం స్ఫూర్తితో వీటన్నిటినీ అనువదించి, ఆ తర్వాత మళ్లీ పొట్టి చేస్తే మళ్లీ ఇదే కదా? మన శుభలేఖల మీద చి. ఉంది, చి.ల.సౌ. ఉంది. చివరిదాన్ని విప్పి చెప్పమంటే ఈనాటి పెళ్లికొడుకుల్లో ఎంతమంది చెబుతారో చూడాలి. ఉత్తరం చివర తా.క. రాసిన తరానికే అది తాజాకలమని తెలుసు. పొట్టి చేయడం ఇంగ్లీషు జబ్బు కాదు, రాసే ప్రతి భాషలోనూ ఉంది. మన పాత నిఘంటువులు చేసినవాళ్లు దీన్ని ఎరిగినవాళ్లు. దే. అంటే దేశ్యం, వి. అంటే విశేష్యం అని మొదటి పేజీల్లోనే పట్టిక వేశారు. కొన్నవాడు పండితుడే అయినా సరే, వేశారు.

క్లుప్తంగా రాయడం ఒకప్పుడు తప్పనిసరి, ఒప్పుకుంటాను. టెలిగ్రాంకు మాటకింత అని డబ్బు పడేది. సైక్లోస్టైల్ స్టెన్సిల్ మీద ఒక్కో అక్షరం టైపు కొట్టాలి, తప్పుపడితే ఎర్ర ద్రవం పూసి మళ్లీ కొట్టాలి. ఆ కాలపు గుమాస్తా క్యాలెండర్ కేస్‌ను రెండక్షరాలకు కుదించాడంటే ఆయనకు దండం పెట్టొచ్చు. టెలిగ్రాం 2013 జులైలో మూతపడింది. ఇప్పుడు సమన్లు కంప్యూటర్లో పుట్టి ప్రింటరులోంచి వస్తాయి, ఒక్కసారి ఫారం మారిస్తే ఎన్ని కాపీలైనా మారినట్టే. విచిత్రమేమిటంటే, కంప్యూటరు కోసం మాత్రం మనం ఎంత పొడుగైనా రాయడానికి సిద్ధం. ప్రతి కేసుకూ ఇప్పుడు సీఎన్ఆర్ అని 16 అక్షరాల నంబరుంది, దేశం మొత్తం మీద ఇంకో కేసుకు అది ఉండదు. యంత్రం పొరపడకూడదని అంత జాగ్రత్త. ఎరువుల వ్యాపారికి మాత్రం రెండక్షరాలు చాలని ఎవరనుకున్నారో.

నా కోరిక పెద్దదేమీ కాదు. ఊళ్లో, ఆఫీసుల్లో, ఫోనుల్లో ఎన్ని సీసీలైనా తిరగనీయండి. కాగితం ఆ వృత్తి తెలియని మనిషి చేతికి పోయేటప్పుడు, మొదటిసారి వచ్చిన చోట పూర్తిగా రాయండి. వాక్యంలో ఉంటే ఊరుకోవచ్చేమో గానీ గడిలో ఉంటే కుదరదు. చీటీ అయితే ఎన్ని యూనిట్లో, ఏ రకం సిరంజితోనో రాయండి. నియమం ఇంతే.

ముందు మన ఇల్లు చక్కబెట్టుకోవాలి కదా అని, మా బ్రాంచిలో శాంక్షన్ లెటర్ల మీద సీసీ తీసేసి క్యాష్ క్రెడిట్ అని పూర్తిగా రాయడం మొదలుపెట్టాను. మొదట అందుకున్నది ఒక రైస్ మిల్లు ఆయన. తండ్రి హయాం నుంచి మా దగ్గర సీసీ వాడుతున్నారు. లెటరు రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, అనుమానంగా అడిగాడు: ‘ఇదేదో కొత్త లోను అంటగడుతున్నట్టున్నారే. మా సీసీ తీసేశారా ఏంటండీ?’ ఆయనకది ఏ మాటకూ పొట్టి రూపం కాదు, దాని పేరే సీసీ. అందుకని ఇప్పుడు రెండూ పక్కపక్కన రాస్తున్నాను, లెటరు రెండో పేజీలోకి పోతోంది.